తొలి మూడు నెలల ఇబ్బందులు: ఒంట్లో తేడాలు గర్భం సంగతి ఎంతవరకు చెబుతాయి?

క్లుప్తంగా: గర్భం తొలి వారాల్లో వచ్చే వికారం, నీరసం, రొమ్ముల నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వంటివి హార్మోన్ల మార్పులకు తల్లి శరీరం స్పందించే తీరు. అవి ఎక్కువైనా తక్కువైనా, వాటిని బట్టి లోపల పిండం ఎలా ఉందో నిర్ధారించలేం. ఇబ్బందిని ఇబ్బందిగానే చూసి తగ్గించుకోవచ్చు. అందుకు సురక్షితమైన మార్గాలున్నాయి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సూచనలు కొన్నే ఉన్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మూడో నెల నిండేదాకా ఉండే కాలంలో శరీరం లోపల మార్పులు ఎంతో వేగంగా జరుగుతాయి. వాటి గురించి తెలుసుకునే మార్గాలు మాత్రం అప్పుడే అతి తక్కువగా ఉంటాయి. కడుపు పైకి కనిపించదు. బిడ్డ కదలిక తెలియడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక స్కానింగుకూ మరో స్కానింగుకూ మధ్య వారాల ఎడం ఉంటుంది. ఈ మధ్యకాలంలో చేతికందే సమాచారం ఒంట్లో తెలిసే తేడాలే కాబట్టి ప్రతి తేడాకూ ఒక అర్థం వెతకడం సహజం. వాంతులు ఎక్కువైతే బిడ్డకు తిండి అందడం లేదేమోనని దిగులు, అవే వాంతులు ఆగిపోతే గర్భం నిలవలేదేమోనని భయం. ఆందోళనలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

వారాల లెక్కలో తికమక

గర్భాన్ని ఫలదీకరణ జరిగిన రోజు నుంచి కాక, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించడం వైద్యులు పాటించే పద్ధతి. ఫలదీకరణ ఎప్పుడు జరిగిందో చాలామందికి తెలియదు, నెలసరి తేదీ మాత్రం గుర్తుంటుంది. ఆ లెక్కన కాన్పు తేదీ 40 వారాలకు, అంటే 280 రోజులకు పడుతుంది. నెలసరి 28 రోజులకోసారి వచ్చేవారిలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. అందువల్ల నెల తప్పిన రోజున పరీక్ష చేసుకుని "నాలుగు వారాల గర్భం" అని విన్నప్పుడు, ఫలదీకరణ జరిగి నిజానికి రెండు వారాలే అయి ఉంటుంది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల తొలి స్కానింగే చాలామందికి మొదటి భయంగా మారుతుంది. యోని ద్వారా చేసే స్కానింగులో పిండం పెరిగే సంచి ఐదో వారం ప్రాంతంలో కనిపిస్తుంది, గుండె స్పందన ఆరో వారం ప్రాంతంలో తెలుస్తుంది. అండం ఒక వారం ఆలస్యంగా విడుదలైతే, తేదీల లెక్కకు ఆరు వారాలు నిండినా పిండం వయసు ఐదు వారాలకు సరిపడేంతే ఉంటుంది. స్కానింగు తెర మీద ఒక చిన్న నల్లటి సంచి తప్ప మరేమీ కనిపించదు. వైద్యులు "పది రోజుల తర్వాత మళ్లీ రండి" అంటారు. ఆ పది రోజులు గడవడం చాలా కష్టం. అయితే ఆ మాట ప్రమాదం ఉందని చెప్పడం కాదు, ఏ నిర్ణయానికీ రావడానికి ఇంకా సమయం కాలేదని చెప్పడం.

ఈ జాగ్రత్త వెనక ఒక పాఠం ఉంది. పిండం ఎంత పొడవుకు చేరాక కూడా గుండె స్పందన కనిపించకపోతే గర్భం నిలవలేదని అనుకోవాలన్న విషయంలో ఒకప్పుడు 5 మిల్లీమీటర్ల కొలతను ప్రమాణంగా వాడేవారు. ఆ కొలతతో అరుదుగానైనా బతికి ఉన్న గర్భాన్ని పోయిందని పొరబడే అవకాశం ఉందని తేలాక, 2010 దశకం తొలి సంవత్సరాల్లో ప్రమాణాన్ని 7 మిల్లీమీటర్లకు పెంచారు. లోపల పిండం కనిపించని సంచి విషయంలోనూ సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లకు చేరేదాకా తీర్పు చెప్పకూడదన్నారు. ఆలోగా మళ్లీ రమ్మంటున్నారంటే పొరపాటున ఒక్క గర్భమూ పోగొట్టకూడదన్న నియమాన్ని పాటిస్తున్నారని అర్థం.

వేవిళ్లకు కారణం దొరికిన తీరు

గర్భిణుల్లో సుమారు 70 నుంచి 80 శాతం మందికి ఎంతో కొంత వికారం ఉంటుంది. సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారం దరిదాపుల్లో తీవ్రమై, ఎక్కువమందిలో 14 నుంచి 16 వారాల మధ్య తగ్గుముఖం పడుతుంది. కొద్దిమందిలో 20 వారాలు దాటినా కొనసాగుతుంది. ఇంగ్లీషులో దీన్ని 'మార్నింగ్ సిక్‌నెస్' అంటారు గానీ పొద్దున మాత్రమే వచ్చేది చాలా తక్కువమందికే. తెలుగులో వేవిళ్లు అన్న మాటకు పూట పరిమితి లేదు, వాస్తవానికి అదే దగ్గరగా ఉంది.

చాలాకాలం పాటు అనుమానమంతా హెచ్‌సీజీ హార్మోను మీదే ఉండేది. ఇంట్లో చేసుకునే పరీక్షలో రెండో గీత వచ్చేలా చేసేది ఈ హార్మోనే. తొలి వారాల్లో సుమారు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ, 8 నుంచి 11 వారాల మధ్య శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. వికారం పెరిగి తగ్గే తీరూ ఇలాగే ఉండటంతో దీన్నే కారణంగా భావించారు. అయితే హెచ్‌సీజీ ఒకే మోతాదులో ఉన్న ఇద్దరిలో ఒకరు మంచం పట్టడానికీ మరొకరు ఏమీ తెలియనట్టు తిరగడానికీ ఆ సిద్ధాంతం సరైన జవాబు ఇవ్వలేకపోయింది. అంతకన్నా బాధాకరమైన సిద్ధాంతం ఇంకొకటి ఉండేది. గర్భం ఇష్టంలేని స్త్రీలకే వాంతులు ఎక్కువవుతాయని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు వైద్యులు నమ్మారు. దానివల్ల వైద్యం అందాల్సిన చోట ఎందరికో నింద ఎదురైంది.

2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ చిత్రాన్ని చాలా మార్చింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓరాహిలీ, 1999లో తీవ్రమైన వాంతుల వల్ల స్వయంగా గర్భం కోల్పోయిన అమెరికన్ జన్యుశాస్త్రవేత్త మార్లీనా ఫెజ్జో తదితరులు కలిసి చేసిన అధ్యయనం అది. కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు విడుదలయ్యే జీడీఎఫ్15 అనే ప్రోటీను గర్భం వచ్చాక బాగా పెరుగుతుంది. తల్లి రక్తంలో కనిపించే ఈ ప్రోటీనులో అత్యధిక భాగం పిండం, మాయల నుంచి వచ్చేదే. మెదడు కింది భాగంలో దీన్ని గుర్తించే గ్రాహకాలున్నాయి. అవి ప్రేరేపితమైతే వికారం పుడుతుంది, ఆకలి చచ్చిపోతుంది.

గర్భానికి ముందు ఒంట్లో జీడీఎఫ్15 ఎంత ఉండేదన్నదే ఇందులో కీలకం. ముందునుంచీ అది తక్కువగా ఉన్నవారి మెదడుకు దాని అలవాటు ఉండదు. ఒక్కసారిగా పెరిగేసరికి ప్రతిస్పందన తీవ్రంగా ఉంటుంది. ముందే ఎక్కువగా ఉన్నవారికి ఆ పెరుగుదల అంతగా తెలియదు. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న స్త్రీలలో ఈ ప్రోటీను ఏళ్ల తరబడి ఎక్కువ స్థాయిలో ఉంటుంది. వారిలో వేవిళ్లు చాలా తక్కువగా ఉన్నట్టు ఆ అధ్యయనమే గమనించింది. చీకటి గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చినవారి కళ్లు చెదిరినట్టు, వరండాలో కూర్చున్నవారి కళ్లు చెదరవు కదా.

ఈ వివరణతో రెండు విషయాలు తేలతాయి. వికారం మనసు బలహీనత వల్ల వచ్చేది కాదు. అలాగే, అది తీవ్రంగా ఉండటం తల్లి శరీరపు సున్నితత్వాన్ని చూపుతుంది తప్ప బిడ్డ బలాన్నీ బలహీనతనూ కొలవదు.

వికారాన్ని తగ్గించుకునే దారులు

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది, బాగా నిండిన కడుపూ పెంచుతుంది. అందుకే రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా తినడం, నిద్ర లేవగానే మంచం దిగకముందే పొడిగా ఉన్నదేదైనా కాస్త నోట్లో వేసుకోవడం చాలామందికి ఉపకరిస్తుంది. వేడి పదార్థాలకన్నా చల్లారిన పదార్థాల నుంచి వాసన తక్కువగా వస్తుంది కాబట్టి అవి తేలిగ్గా లోపలికి పోతాయి. భోజనంతో పాటు ఎక్కువ నీళ్లు తాగకుండా, మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగడం మేలు. పళ్లు తోముకునేటప్పుడు బ్రష్షు నాలుక వెనక్కి తగలగానే డోకు వచ్చే పరిస్థితి ఎందరికో అనుభవమే. చిన్న తలున్న బ్రష్షు వాడటం, లేచిన వెంటనే కాకుండా కడుపు కాస్త కుదుటపడ్డాక తోముకోవడం తేడా చూపిస్తాయి. వాంతి అయిన వెంటనే మాత్రం తోమకూడదు. కడుపులోని ఆమ్లం పంటి పైపూతను మెత్తబరచి ఉంటుంది కాబట్టి ముందు నీళ్లతో పుక్కిలించి కొంతసేపు ఆగాలి.

అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి, వాంతుల మీద దాని ప్రభావం అంత స్పష్టంగా లేదు. మొదటి మెట్టుగా వైద్యులు సూచించేది బి6 విటమిన్, అంటే పైరిడాక్సిన్. దానితో సరిపోకపోతే డాక్సిలమిన్ కలిసిన మాత్ర ఇస్తారు. దీనివల్ల మగతగా ఉంటుంది కాబట్టి సాధారణంగా రాత్రి పూట మొదలుపెడతారు. ఐరన్ మాత్ర వేసుకున్నాకే కడుపులో తిప్పుతున్నదని గమనిస్తే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. తొలి వారాల్లో ఐరన్‌ను కొంతకాలం ఆపి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొనసాగించమనడం సాధారణమే.

బిడ్డకు తిండి అందదేమోనన్న దిగులుకు జవాబు కొలతల్లోనే ఉంది. పన్నెండో వారానికి పిండం పొడవు ఐదారు సెంటీమీటర్లే. దాని అవసరాలు తల్లి శరీరంలోని నిల్వల నుంచి తీరిపోతాయి. తొలి మూడు నెలల్లో బరువు పెరగకపోయినా, ఒకటి రెండు కిలోలు తగ్గినా సాధారణంగా హాని ఉండదు. ఇద్దరి తిండి తినాలన్న మాట ఈ దశకు అసలే వర్తించదు.

హద్దు దాటిన వాంతులు మాత్రం వేరే సంగతి. గర్భానికి ముందున్న బరువులో 5 శాతానికి పైగా తగ్గితే, అంటే 60 కిలోల మనిషి మూడు కిలోలకు మించి తగ్గితే, దాన్ని తీవ్రమైన వేవిళ్ల జబ్బుగా చూడాలి. ఇరవై నాలుగు గంటలుగా నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఎనిమిది గంటలకు పైగా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో రావడం, లేచి నిలబడితే తూలిపోవడం ఆసుపత్రికి వెళ్లాల్సిన సూచనలు. వారాల తరబడి వాంతులైనవారికి థయమిన్, అంటే బి1 విటమిన్ నిల్వలు అడుగంటుతాయి. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు తీవ్ర హాని జరిగే ప్రమాదం ఉంది. అందుకే ఎన్ని రోజులుగా తిండి లేదో వైద్యులకు కచ్చితంగా చెప్పడం ముఖ్యం. "అందరికీ వచ్చేదే, ఓర్చుకోవాలి" అన్న మాట ఇలాంటి చోట నిజంగా ప్రాణం మీదికి తెస్తుంది.

నీరసం, కళ్లు తిరగడం, మిగతావి

పైకి ఏ పనీ చేయకపోయినా ఒళ్లు బరువెక్కిపోవడానికి కారణాలు లోపల ఉన్నాయి. ఎనిమిదో వారానికే గుండె నిమిషానికి పంపే రక్తం సుమారు 20 శాతం పెరిగి ఉంటుంది. ప్రొజెస్టిరాన్ హార్మోను నిద్రమత్తును కలిగిస్తుంది. రక్తనాళాలు సడలడంతో బీపీ కాస్త తగ్గి, కూర్చున్నచోటి నుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఇదంతా పన్నెండో వారం దాటాక చాలామందిలో తేలికపడుతుంది. పగటిపూట కాసేపు పడుకోవడం బద్ధకం కింద లెక్క కాదు.

అదే ప్రొజెస్టిరాన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది కాబట్టి మలబద్ధకం, అన్నవాహిక చివర ఉండే కండరాన్ని సడలిస్తుంది కాబట్టి ఛాతీలో మంట వస్తాయి. మూత్రపిండాల్లో వడపోత తొలి మూడు నెలలు ముగిసేసరికి సుమారు సగం పెరుగుతుంది, పైగా గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యనే ఉండి మూత్రాశయాన్ని నొక్కుతుంది. అందుకే రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. మూత్రంలో మంట, జ్వరం ఉంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పరీక్ష చేయించాలి.

లక్షణాలు తగ్గినప్పుడు పుట్టే భయం

నిన్నటిదాకా ఉన్న వికారం ఈ రోజు లేకపోతే, రొమ్ముల సలుపు తగ్గితే, గర్భం ఆగిపోయిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఈ భయానికి కొంత ఆధారం లేకపోలేదు. గతంలో గర్భస్రావం జరిగిన స్త్రీలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో వికారం ఉన్నవారికి గర్భం పోయే అవకాశం తక్కువని తేలింది. అయితే ఆ ఫలితాన్ని తిరగేసి, వికారం లేకపోతే గర్భం పోయినట్టేనని చదువుకోవడం తర్కంలో పొరపాటు. ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి వికారం రానే రాదు, వారిలో అత్యధికులు పండంటి బిడ్డను కంటారు. పైగా లక్షణాలు రోజురోజుకూ హెచ్చుతగ్గులు కావడం మామూలే. నిద్ర, తిండి, అలసట మారితే అవీ మారతాయి.

ధైర్యం కోసం ఇంట్లో పరీక్ష మళ్లీమళ్లీ చేసుకునే అలవాటు ఇలాంటి సమయంలో కొత్త భయాన్ని తెచ్చిపెడుతుంది. ఎనిమిది తొమ్మిది వారాలప్పుడు ఒక పొద్దున్నే స్ట్రిప్పు ముంచి, ట్యూబులైటు కింద పట్టుకుని చూస్తే రెండో గీత మునుపటికన్నా పాలిపోయి కనిపించవచ్చు. హార్మోను తగ్గిందని గుండె జారిపోతుంది. నిజానికి అది హార్మోను మరీ ఎక్కువైనందువల్ల కావచ్చు. స్ట్రిప్పులో రెండు రకాల యాంటీబాడీలు ఉంటాయి. ఒక హార్మోను అణువును ఆ రెండూ రెండు వైపులా పట్టుకుంటేనే అక్కడ రంగు చేరి గీత పడుతుంది. అణువులు లెక్కకు మించి ఉంటే ఒక్కో యాంటీబాడీకి ఒక్కో అణువు విడిగా అంటుకుపోతుంది, రెండూ ఒకే అణువును పట్టుకునే అవకాశం తగ్గుతుంది, గీత పలచబడుతుంది. ఆ పరికరాన్ని గర్భం ఉందో లేదో చెప్పడానికి తయారుచేశారు, ఎలా ఉందో చెప్పడానికి కాదు. ఒకసారి అవునని తేలాక దాని పని అయిపోయింది.

రక్తపు మరకలు, గర్భస్రావం

తొలి మూడు నెలల్లో సుమారు నలుగురిలో ఒకరికి కొంతైనా రక్తం కనిపిస్తుంది. పిండం గర్భసంచి గోడలో కుదురుకోవడం, గర్భాశయ ముఖద్వారానికి రక్తప్రసరణ పెరిగి కలయిక తర్వాతో పరీక్ష తర్వాతో చిన్న మరక పడటం వంటివి ఇందుకు కారణాలు కావచ్చు. కొన్నిసార్లు కారణం దొరకదు. మరక కనిపించినా స్కానింగులో గుండె స్పందన బాగుంటే ఎక్కువ గర్భాలు కొనసాగుతాయి. అలాగని దాన్ని పట్టించుకోకుండా వదలకూడదు. ఎంత రక్తం, ఏ రంగు, నొప్పి ఉందా లేదా అన్నది వైద్యులకు చెప్పాల్సిందే. తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే అది కూడా చెప్పాలి, ఇంజెక్షన్ అవసరమా అన్నది వారు నిర్ణయిస్తారు.

నిర్ధారణ అయిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం గర్భస్రావంతో ముగుస్తాయి. వాటిలో సుమారు ఐదింట నాలుగు తొలి మూడు నెలల్లోనే జరుగుతాయి, సుమారు సగానికి క్రోమోజోముల లోపమే కారణం. అండమో శుక్రకణమో ఏర్పడేటప్పుడు, లేదా ఫలదీకరణ తర్వాత తొలి విభజనల్లో, క్రోమోజోములు సరిగా పంచుకోకపోవడం వల్ల వచ్చే లోపం అది. నెల తప్పిందని తెలిసేసరికే అది జరిగిపోయి ఉంటుంది. మెట్లు ఎక్కడం, బరువైన సంచి మోయడం, ఆఫీసుకు వెళ్లడం, కలయిక, గొడవపడి ఏడవడం దాన్ని కలిగించలేవు. వయసుతో ఈ ప్రమాదం పెరుగుతుంది, నలభై దాటాక బాగా ఎక్కువవుతుంది. మరోవైపు వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఎనిమిదో వారంలో గుండె స్పందన చక్కగా కనిపిస్తే, నొప్పి, రక్తస్రావం లేని స్త్రీలలో ఆ ప్రమాదం కొద్ది శాతానికి పడిపోతుంది.

మంచం దిగకుండా విశ్రాంతి తీసుకుంటే గర్భం నిలుస్తుందన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. పైగా కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, మనసూ కుంగుతుంది. ప్రొజెస్టిరాన్ సంగతి ఇంత సూటిగా లేదు. తొలి వారాల్లో రక్తస్రావమైన నాలుగు వేల మందికి పైగా స్త్రీలపై బ్రిటన్‌లో జరిపి 2019లో ప్రచురించిన ప్రిజమ్ పరిశోధనలో అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. అయితే అంతకుముందు గర్భస్రావాలు జరిగినవారిలో కొంత మేలు కనిపించింది. దాని ఆధారంగా బ్రిటన్ మార్గదర్శకాలు 2021లో రక్తస్రావంతో పాటు గత గర్భస్రావం కూడా ఉన్నవారికి ప్రొజెస్టిరాన్‌ను సూచించాయి. మొదటి గర్భంలో మరకైనా లేని వారికి అదే మందు రాయడానికి ఈ ఫలితాలు ఆధారం కావు.

ఆలస్యం చేయకూడని పరిస్థితుల్లో మొదటిది ట్యూబులో నిలిచిన గర్భం. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక బయట, ఎక్కువగా ఫాలోపియన్ నాళంలో కుదురుకుంటాయి. అవి ఎదిగేకొద్దీ నాళం పగిలి కడుపులో రక్తం నిండవచ్చు. పొత్తికడుపులో ఒకవైపే ఆగకుండా నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, భుజం కొనలో కారణం తెలియని నొప్పి దీని గుర్తులు. పొట్టలో చేరిన రక్తం ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను రాసుకోవడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. అందుకే చాలామంది దాన్ని పట్టేసిన నొప్పి అనుకుని తైలం రాసుకుని ఊరుకుంటారు. ఈ గుర్తులు ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. వరుసగా రెండు గంటలపాటు గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, చలితో కూడిన జ్వరం కూడా అలాంటివే.

మందుల మీద భయం ఎక్కడి నుంచి వచ్చింది

గర్భంలో మందులంటే భయపడటానికి చారిత్రక కారణం ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్లోకి వచ్చిన థాలిడోమైడ్‌ను నిద్రకు, వేవిళ్లకు వాడారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని ఉపసంహరించేలోగా వివిధ దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఆ విషాదం నుంచే మందుల పరీక్షల నియమాలు కట్టుదిట్టమయ్యాయి.

దీనికి రెండో వైపు కథ అంతగా ప్రచారంలో లేదు. డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిసిన మాత్ర అమెరికాలో 1956 నుంచి బెండెక్టిన్ పేరుతో దొరికేది. అవయవ లోపాలు కలిగిస్తుందన్న ఆరోపణలతో వరుసగా కేసులు పడటంతో 1983లో తయారీదారు దాన్ని ఆపేశాడు. ఆ ఆరోపణను ఆ తర్వాతి అధ్యయనాలేవీ బలపరచలేదు. అదే కలయికకు 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మళ్లీ అనుమతి ఇచ్చింది. మధ్యలో గడిచిన ముప్ఫై ఏళ్లలో అక్కడి గర్భిణులు ఆధారం లేని భయం వల్ల ఉపశమనానికి దూరమయ్యారు. మందు వేసుకోవడంలో ముప్పు ఉండవచ్చు, అవసరమైన మందు మానడంలోనూ ముప్పు ఉంటుంది; రెంటినీ తూచి చూడాలి.

పారాసిటమాల్ వివాదాన్నీ ఈ తూకంలోనే పెట్టాలి. గర్భంలో ఈ మందు వాడితే పిల్లలకు ఆటిజం రావచ్చని 2025 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ప్రకటించడంతో ప్రపంచమంతటా గర్భిణులు కలవరపడ్డారు. అలా నిర్ధారించే ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పందించింది. కొన్ని పాత అధ్యయనాల్లో స్వల్ప సంబంధం కనిపించిన మాట నిజమే. అయితే మందు వేసుకునేది జ్వరమో ఇన్‌ఫెక్షనో తలనొప్పో ఉన్నవారు. వారి జన్యువులు, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితులు మందు వేసుకోనివారితో సమానంగా ఉండవు. కనిపించిన తేడా మందుదా, ఈ మిగతా వాటిదా అని విడదీయడం కష్టం. సుమారు 24.8 లక్షల మంది పిల్లల వివరాలతో స్వీడన్‌లో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఒక దారి కనుక్కుంది. ఒకే తల్లి ఒక గర్భంలో మందు వాడి, మరో గర్భంలో వాడని సందర్భాలు తీసుకుని ఆ తోబుట్టువులను పోల్చింది. అలా పోల్చేసరికి ఆ స్వల్ప సంబంధం మాయమైంది. మరోపక్క తొలి వారాల్లో తీవ్ర జ్వరం తగ్గించకుండా వదిలేస్తే పిండానికి హాని కలగవచ్చని ఆధారాలున్నాయి. అందువల్ల అవసరమైనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు పారాసిటమాల్ వాడవచ్చన్న వైద్య సలహా మారలేదు. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను మాత్రం సొంతంగా వేసుకోకూడదు.

గర్భం సంగతి తెలియకముందు వేసుకున్న మాత్ర, తీయించుకున్న ఎక్స్‌రే గురించిన దిగులు కూడా తరచూ వినిపిస్తుంది. ఫలదీకరణ తర్వాత తొలి రెండు వారాల్లో అవయవాలు ఏర్పడటం ఇంకా మొదలుకాదు. ఆ దశలో హాని జరిగితే సాధారణంగా గర్భం నిలవదు, నిలిచిందంటే కణాలు కోలుకున్నట్టే. ఛాతీ ఎక్స్‌రే వల్ల పిండానికి చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే లోపే. హాని ఉంటుందని భావించే స్థాయి 50 మిల్లీగ్రే దగ్గర మొదలవుతుంది.

తప్పక వేసుకోవాల్సిన మాత్ర ఫోలిక్ యాసిడ్. మెదడు, వెన్నుపాముగా మారే నాళం ఫలదీకరణ జరిగిన 28 రోజులకే, అంటే నెలసరి లెక్కన ఆరో వారానికే మూసుకుంటుంది. చాలామంది మొదటిసారి వైద్యుల దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే. అందుకే గర్భం కోసం ప్రయత్నించే ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకుని 12 వారాలదాకా కొనసాగించమంటారు. నాళ లోపం ఉన్న బిడ్డ అంతకుముందు పుట్టిన స్త్రీలకు ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరిగే అవకాశం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో నిరూపించింది. మధుమేహం, మూర్ఛ మందులు ఉన్నవారికీ మోతాదు మారుతుంది. ఆలస్యంగా మొదలుపెట్టినవారు చింతించే పని లేదు. మాత్ర వేసుకోకపోయినా ఈ లోపం రాని గర్భాలే అత్యధికం.

మనసు పట్టే ఆందోళన

అనిశ్చితిలో ఉన్న మనసు సంకేతాలు వెతుకుతుంది. కనిపించిన ప్రతి తేడానూ పరిశీలించి, ఎవరినో అడిగి, కాసేపు ఊరట పొందుతుంది. ఆ ఊరట కొన్ని గంటలే ఉంటుంది. మళ్లీ సందేహం వస్తుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఎంత ఎక్కువగా వెతికితే అంత ఎక్కువగా వెతకాలనిపించడం ఆందోళన స్వభావం. గతంలో గర్భం కోల్పోయినవారిలో, ఏళ్ల చికిత్స తర్వాత గర్భం దాల్చినవారిలో ఇది సహజంగానే బలంగా ఉంటుంది. వారిని "అనవసరంగా కంగారు పడకు" అంటే భయం తగ్గదు, నోరు మాత్రం మూతపడుతుంది. తర్వాతి స్కానింగు తేదీ ఖాయం చేసుకోవడం, ఏ లక్షణానికి ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలుసుకుని ఉండటం, సందేహాలను ఒక కాగితం మీద రాసుకుని వైద్యులను ఒకేసారి అడగడం ఆ చక్రాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదనుకునేవారు కూడా, చెడు వార్త వస్తే ఎవరి తోడు కావాలనుకుంటారో ఆ ఒకరిద్దరికి చెప్పుకుంటే ఈ బరువును ఒంటరిగా మోయాల్సిన అవసరం ఉండదు.

గర్భిణుల్లో సుమారు పది శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నీరసం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం గర్భం వల్ల కూడా వచ్చేవే కావడంతో కుంగుబాటు వాటి చాటున దాగిపోతుంది. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు ఆగకపోవడం, తనను తాను నిందించుకోవడం, బతకాలని లేదనిపించడం గర్భం వల్ల వచ్చే నీరసంలో భాగాలు కావు. చివరిది ఉంటే ఆ రోజే వైద్యులను కలవాలి. దీనికి మాటలతో చేసే చికిత్స ఉంది, గర్భంలో వాడదగిన మందులూ ఉన్నాయి. ముందునుంచే కుంగుబాటుకో ఆందోళనకో మందులు వాడుతున్నవారు నెల తప్పిందని తెలియగానే భయంతో వాటిని ఒక్కసారిగా మానేయడం తరచూ జరుగుతోంది. అలా మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఏ మందు కొనసాగించాలి, దేన్ని మార్చాలి, దేన్ని మెల్లగా తగ్గించాలి అన్నది ఆ మందు రాసిన వైద్యులూ గైనకాలజిస్టూ కలిసి తేల్చాలి. వారిని కలిసేదాకా మాత్ర ఆపకూడదు.